వాల్టర్ బెంజమిన్ కాగితాలను ఎవరు కాపాడారు?

వాల్టర్ బెంజమిన్ పేరు వినగానే సాహిత్య విమర్శ చదివేవాళ్లలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆయన రాసిన వ్యాసాలు కావు, ఆయన పోగొట్టుకున్న బ్రీఫ్‌కేసు. 1940 సెప్టెంబరు ఆఖరులో ఈ నలభై ఎనిమిదేళ్ల జర్మన్ యూదు రచయిత గుండెజబ్బుతో ఆయాసపడుతూనే పిరనీస్ కొండలెక్కి, దిగి, స్పెయిన్ సరిహద్దు ఊరైన పోర్ట్‌బౌకు చేరాడు. ఫ్రాన్స్ వదిలి వెళ్లడానికి అనుమతి పత్రం లేదు గనక వెనక్కి పంపేస్తామన్నారు అక్కడి అధికారులు. వెనక్కి వెళ్లడమంటే నాజీ రహస్య పోలీసు గెస్టపో చేతికి చిక్కడమే. ఆ ఊరి హోటల్లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. తనకన్నా తన రాతప్రతే ముఖ్యమని దారి చూపిన మనిషితో చెప్పి మరీ మోసుకొచ్చిన నల్లటి తోలు బ్రీఫ్‌కేసు తర్వాత ఎవరికీ దొరకలేదు. ఈ కథ మీద నవల వచ్చింది, ఒపెరా వచ్చింది, డాక్యుమెంటరీ వచ్చింది. కథ నిజమే. కానీ అది మన చూపును పోయిన దానివైపే తిప్పేసింది. బెంజమిన్ జీవితంలో అసలు విచిత్రం ఆ ఒక్క బ్రీఫ్‌కేసు పోవడం కాదు, మిగిలినవన్నీ పోకుండా ఉండటం. ఏడేళ్లు దేశాలు పట్టి తిరిగి, సొంత ఇల్లూ పౌరసత్వమూ పోయి, చివరికి సరిహద్దులో చనిపోయిన మనిషి రాతలు ఈరోజు సంపుటాలకు సంపుటాలుగా మన ముందున్నాయి. దీన్ని అదృష్టం ఖాతాలో వేస్తే సరిపోదు. ప్రవాసం మొదలుకాకముందే ఆయన అలవాటు చేసుకున్న ఒక పద్ధతీ, ఆ పద్ధతి కోసం ఏళ్ల తరబడి గుమాస్తాల్లా పనిచేసిన కొందరు స్నేహితులూ దీని వెనక ఉన్నారు.

పద్ధతి ఎక్కడిదో తెలియాలంటే ఆయన బతుకుతెరువు ఏమిటో చూడాలి. 1892లో బెర్లిన్‌లో కలిగిన ఇంట పుట్టాడు. తండ్రి పురాతన వస్తువుల వేలం వ్యాపారంలో బాగా గడించినవాడు. కొడుకు మాత్రం విశ్వవిద్యాలయంలో కుదురుకోవాలనుకుని కుదురుకోలేకపోయాడు. జర్మన్ విషాద నాటకాల మీద రాసిన గ్రంథం 1925లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆచార్యులకు కొరుకుడు పడలేదు. దరఖాస్తు వెనక్కి తీసుకొమ్మన్నారు. అప్పటినుంచి కలమే జీవనాధారం. పత్రికలకు సమీక్షలు, యాత్రా వ్యాసాలు, అనువాదాలు, 1929 తర్వాత రేడియో ప్రసంగాలు, పిల్లల కార్యక్రమాలు. ఇలా బతికే రచయిత రాతలు ఒకచోట ఉండవు. పది పత్రికల పాత సంచికల్లో, రేడియో స్టేషన్ల బీరువాల్లో చెదిరిపోతాయి. అచ్చయిన ప్రతి ముక్కా కత్తిరించి, లెక్క రాసి, దాచుకోకపోతే రెండేళ్ల తర్వాత తానేం రాశాడో తనకే తెలియదు. బెంజమిన్ దాచుకున్నాడు. చదివిన పుస్తకాలకు వరుస నంబర్లతో పట్టిక పెట్టాడు. ఆ పట్టిక మనకు 462వ నంబరు నుంచి 1712 దాకా దొరుకుతుంది. మొదటి 461 ఉన్న భాగం పోయింది. కొడుకు స్టెఫాన్ మాటలు నేర్చే వయసులో పలికిన వింత పలుకులనూ నోట్‌బుక్‌లో ఎక్కించాడు. చేతిరాత మరీ సన్నం. ఉత్తరం వెనక ఖాళీనీ, రసీదు ముక్కనూ వదలకుండా చీమల బారుల్లా రాసేవాడు. కాగితం దొరక్క కొంత, ఇష్టంతో కొంత.

లెక్కలు రాసుకునే రచయితలు చాలామందే ఉంటారు. బెంజమిన్ ఇంకో అడుగు వేశాడు. తన రాతలకు ఇంకొకచోట ఇంకో నిల్వ ఉండాలని మొదటినుంచీ అనుకున్నాడు. కుర్రతనపు స్నేహితుడు గెర్షోమ్ షోలెం 1923లోనే జెరూసలేం వెళ్లి స్థిరపడ్డాడు. యూదు మార్మిక సంప్రదాయం మీద తర్వాత ప్రపంచ ప్రసిద్ధుడైన పండితుడు ఈయనే. అచ్చయిన ప్రతి వ్యాసం, అచ్చు కాని చాలా వాటి నకలు బెర్లిన్ నుంచి ఆయన చిరునామాకు పోస్టులో వెళ్లేవి. షోలెం వాటిని వరుసగా సర్ది ఉంచేవాడు. 1932 వేసవిలో బతుకు మీద విసిగి చచ్చిపోదామని నిర్ణయించుకున్నప్పుడు బెంజమిన్ రాసిన వీలునామాలో కూడా రాతప్రతులు షోలెంకే అప్పగించాడు. ఆ నిర్ణయం మానుకున్నాడు, వీలునామా మాత్రం కాగితాల్లో ఉండిపోయింది. హిట్లర్ అధికారంలోకి రావడానికి ఇంకా ఆరునెలలుంది. అంటే తన కాగితాలు ఎవరి దగ్గర ఉండాలన్న ఆలోచన ఆయనకు నాజీల వల్ల పుట్టింది కాదు.

1933 మార్చిలో బెర్లిన్ వదిలినప్పుడు ఆ ఆలోచన విలువేమిటో తెలిసింది. సామాను సర్దుకునే తీరిక లేదు. కొన్ని కాగితాలు వెంట తీసుకెళ్లాడు, ఎక్కువ ఇంట్లోనే వదిలేశాడు. కొన్ని నెలలు స్పెయిన్‌కు చెందిన ఇబీసా దీవిలో, చవగ్గా గడుస్తుందని, ఉన్నాడు. భాష గురించి కొత్తగా ఓ చిన్న వ్యాసం రాస్తుండగా, 1916లో అదే విషయం మీద రాసిన పాత వ్యాసంతో పోల్చి చూసుకోవలసి వచ్చింది. అది చేతిలో లేదు. జెరూసలేంకు ఉత్తరం రాశాడు, షోలెం నకలు తీయించి పంపాడు. రచయిత తన సొంత రచన కోసం సముద్రాల అవతలి స్నేహితుణ్ణి అడుక్కోవలసి రావడం చూడటానికి దైన్యంగా ఉంటుంది. అలా అడగడానికి ఒకచోటు ఉండటం ఆ ఏడాది ఎంతమంది ప్రవాసులకు దక్కిందో ఆలోచిస్తే అది దైన్యం అనిపించదు. పుస్తకాల్లో సగం, అదీ విలువైన సగం, 1934లో డెన్మార్క్‌లో ప్రవాసంలో ఉన్న నాటక రచయిత బ్రెహ్ట్ ఇంటికి చేర్పించగలిగాడు. బెర్లిన్‌లో ఉండిపోయినవి ఉండిపోయాయి. 1933కు ముందు స్నేహితుడు, తత్వవేత్త అడార్నో రాసిన ఉత్తరాలు ఆ ఇంట్లోనే ఉండి పోయాయి. ఆ స్నేహంలో తొలి పదేళ్ల మాటలు మనకు ఒక పక్క నుంచే వినిపిస్తాయి. ఒక్క ప్రతే ఉన్నది ఒక్క ఇంట్లోనే ఉంటే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

అదే ఏడాది థామస్ మాన్‌కు జరిగింది పక్కన పెట్టి చూస్తే బెంజమిన్ దారి ఎంత వేరో అర్థమవుతుంది. నోబెల్ బహుమతి గ్రహీత మాన్ విదేశంలో ఉపన్యాసాలకు వెళ్లి తిరిగి రాలేకపోయాడు. మ్యూనిక్ ఇంట్లో ఏళ్ల తరబడి రాసుకున్న డైరీలున్నాయి. వాటిలో నాజీల చేతిలో పడకూడని సొంత సంగతులెన్నో. కొడుకు గోలో వాటిని సూట్‌కేసులో పెట్టి స్విట్జర్లాండ్‌కు పంపమని నమ్మకస్తుడనుకున్న కారు డ్రైవరు చేతికిస్తే, ఆ డ్రైవరు కాస్తా పోలీసులకు కబురు పెట్టాడు. వారాల తరబడి మాన్‌కు నిద్ర లేదు. చివరికి లాయరు కష్టపడి సూట్‌కేసు విడిపించాడు. పన్నెండేళ్ల తర్వాత, 1945లో, కాలిఫోర్నియా ఇంటి ఆవరణలో పాత డైరీల్లో చాలావాటిని ఆయనే తగలబెట్టాడు. మాన్‌కు డబ్బుంది, లాయరున్నాడు, ప్రపంచమంతా తెలిసిన పేరుంది. అందుకే ఒకే పెట్టెలో ఒకే ప్రతి పెట్టుకున్నా తిరిగి తెచ్చుకోగలిగాడు, దాన్ని ఏం చేయాలో తానే నిర్ణయించుకోగలిగాడు. బెంజమిన్‌కు ఇవేవీ లేవు. లేనివాడు విత్తనాలన్నీ ఒకే గాదెలో పొయ్యకూడదన్న రైతు తెలివి ఆయనది.

పారిస్‌లో గడిపిన ఏళ్లలో ఈ తెలివి ఒక పని తీరుగా మారింది. ఆయన ప్రధాన గ్రంథం, పందొమ్మిదో శతాబ్దపు పారిస్ నగరంలో గాజు కప్పుల కింది అంగళ్ల వీధుల మీద తలపెట్టిన ఆర్కేడ్స్ ప్రాజెక్టు, 1927లో మొదలై చచ్చేదాకా సాగింది, పూర్తి కాలేదు. ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయంలో కూర్చుని పాత పుస్తకాల నుంచి ఎత్తి రాసుకున్న వాక్యాలు, వాటి మీద తన వ్యాఖ్యలు, విషయాన్ని బట్టి కట్టలు కట్టి, ఒక్కో కట్టకు ఒక్కో అక్షరం పెట్టాడు. ఏ వాక్యం ఫ్రెంచ్ కవి బోదలేర్ మీద రాయబోయే పుస్తకంలో ఏ భాగానికి వెళ్లాలో రంగురంగుల చిన్న గుర్తులతో సూచించుకున్నాడు. జీవనానికి హోర్క్‌హైమర్ నడిపే సామాజిక పరిశోధనా సంస్థ నెలనెలా పంపే కొద్దిపాటి భత్యమే దిక్కు. ఆ సంస్థ అప్పటికే న్యూయార్క్ చేరింది. ఆ సంస్థకు పంపడానికి కట్టల్లో కొన్నిటిని ఫొటోలు తీయించాడు కూడా. వ్యాసాల ప్రతులు న్యూయార్క్‌కు, జెరూసలేంకు, బ్రెహ్ట్‌కు, ఇంకా అక్కడక్కడి స్నేహితులకు వెళ్తూనే ఉన్నాయి. 1936లో స్విట్జర్లాండ్‌లో మారుపేరుతో అచ్చువేసిన పుస్తకం సైతం పాతకాలపు జర్మన్ల ఉత్తరాల సంకలనమే. పరాయి దేశంలో కూర్చుని ఉత్తరాలను పోగుచేసి మాతృదేశపు పాఠకులకు దొంగచాటుగా చేర్చాలనుకున్న మనిషికి కాగితం విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఇక్కడ ఒక మాట తేల్చుకోవాలి. ప్రవాసికి రెండు రకాల కాగితాలుంటాయి. రాసినవి ఒక రకం, తాను బతకడానికి ఇతరులు రాసిచ్చేవి ఇంకో రకం. పాస్‌పోర్టు, నివాస పత్రం, పూచీకత్తు, వీసా. మొదటి రకం విషయంలో అంత ముందుచూపున్న బెంజమిన్ రెండో రకంలో ఎప్పుడూ ఆలస్యమే. 1939లో జర్మనీ పౌరసత్వం రద్దు చేసింది, ఫ్రెంచ్ పౌరసత్వానికి పెట్టుకున్న దరఖాస్తు ముందుకు కదల్లేదు. యుద్ధం మొదలవగానే జర్మనీ నుంచి వచ్చాడు గనక శత్రువని చెప్పి నెవేర్ దగ్గరి శిబిరంలో పెట్టారు. నవంబరులో పారిస్ పుస్తకాల షాపు యజమాని అద్రియెన్ మోనియే తదితరులు పూనుకుంటేనే వదిలారు. ఆయన బద్ధకం వల్లే ఇలా జరిగిందనే వాళ్లున్నారు. నేను ఒప్పుకోను. రాతప్రతి నకలు తీయడానికి టైపు మిషనూ పోస్టు బిళ్లలూ చాలు. వీసాకు మరో దేశపు గుమాస్తా దయ కావాలి. ఒకటి తన చేతిలో ఉన్న పని, ఇంకొకటి కాదు. తన చేతిలో ఉన్నదాన్ని ఆయన ఎంత శ్రద్ధగా చేశాడో ఆ వ్యత్యాసమే చూపిస్తుంది.

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్ ముంగిటికి వచ్చింది. దోంబాల్ వీధిలో పదో నంబరు ఇంట్లో ఉన్న బెంజమిన్ సోదరి డోరాతో కలిసి దక్షిణాన లూర్ద్ వెళ్లే రైలెక్కాడు. వెళ్లేముందు కాగితాలు పంచాడు. ఆర్కేడ్స్ కట్టలు, మరికొన్ని ముఖ్యమైనవి రచయిత జార్జ్ బతాయ్ చేతికిచ్చాడు. బతాయ్ ఉద్యోగం జాతీయ గ్రంథాలయంలోనే. లక్షల పుస్తకాల మధ్య కొన్ని కట్టలు దాచడానికి గ్రంథాలయ ఉద్యోగిని మించిన మనిషి ఎవరుంటారు? మరికొన్ని కాగితాలు ఇంట్లో వదిలేశాడు. ఇంకొన్ని వెంట వెళ్లాయి. చరిత్ర భావన మీద రాసిన చివరి వ్యాసం, మార్క్సిస్టులూ మతతత్వవేత్తలూ ఈనాటికీ తగువులాడుకునే ఆ కొద్ది పేజీల సూత్రాలు, ఆ వేసవిలో మార్సెయ్‌లో తోటి ప్రవాసి, తత్వవేత్త హన్నా అరెంట్‌కు, ఆమె భర్తకు అందాయి. ఆ ప్రతిని ఒకసారి దగ్గరగా చూడాలి. మంచి కాగితం మీద కాదు, పోస్టులో వచ్చే పత్రికలకు చుట్టే కాగితపు పట్టీల మీద రాసి ఉంది. మార్సెయ్ నుంచి వెలువడే పత్రిక పేరు, స్విస్ వారపత్రిక పేరు అచ్చయిన ఆ పట్టీల ఖాళీల్లో చిన్న అక్షరాలు. అరెంట్ లిస్బన్‌లో ఓడ కోసం ఎదురుచూస్తూ తోటి శరణార్థులకు వాటిని చదివి వినిపించింది. 1941లో న్యూయార్క్ చేరాక అడార్నోకు చూపించింది. మరుసటి ఏడాది హోర్క్‌హైమర్ సంస్థ బెంజమిన్ స్మృతి సంచికను సైక్లోస్టైల్ తీసి పంచింది. అందులో ఆ వ్యాసం ఉంది. డోరా దగ్గర మిగిలిన కాగితాలను కూడా మార్టిన్ డోమ్కే అనే లాయరు 1941లోనే న్యూయార్క్ చేర్చాడు.

ఇక పోర్ట్‌బౌ. ఫ్రాన్స్ వైపు నుంచి దారి చూపింది లీజా ఫిట్కో అనే శరణార్థి. పది నిమిషాలు నడిచి ఒక నిమిషం ఆగడం అనే లెక్క తప్పకుండా బెంజమిన్ కొండెక్కాడని, బ్రీఫ్‌కేసు మాత్రం వదల్లేదని ఆమె నలభై ఏళ్ల తర్వాత చెప్పింది. ఆయన చనిపోయాక హోర్క్‌హైమర్ వాకబు చేస్తే స్పెయిన్ పోలీసులు చిట్టా పంపారు. వ్యాపారస్తులు వాడే రకం తోలు బ్రీఫ్‌కేసు ఒకటి, మగవాళ్ల చేతి గడియారం, పొగతాగే పైపు, ఆరు ఫొటోలు, ఒక ఎక్స్‌రే, కళ్లద్దాలు, కొన్ని పత్రికలు, ఉత్తరాలు, సారాంశం తెలియని కొద్దిపాటి కాగితాలు, కాస్త డబ్బు. అంతే. ఆ సారాంశం తెలియని కాగితాల మీదే దశాబ్దాలుగా ఊహలు సాగుతున్నాయి. పూర్తయిన ఆర్కేడ్స్ గ్రంథమే అందులో ఉందన్నారు కొందరు. ఆయన రచనల సంపాదకుడు రోల్ఫ్ టీడెమన్ మాత్రం చరిత్ర సూత్రాల ప్రతే అయి ఉంటుందని అనుకున్నాడు. నాకు టీడెమన్ మాటే సబబుగా తోస్తుంది. కారణం ఆయన పద్ధతే. జీవితమంతా ఒకటికి రెండు మూడు ప్రతులు తీసి పంచిన మనిషి, ఆర్కేడ్స్ కట్టలను జూన్‌లో బతాయ్ చేతికిచ్చి వెళ్లిన మనిషి, ఊళ్లు మారుతూ మూడు నెలల్లో ఆ మహా గ్రంథాన్ని పూర్తిచేసి, ఒక్కటంటే ఒక్క ప్రతితో, ఎవరికీ ఉత్తరంలో ఓ ముక్కైనా రాయకుండా కొండెక్కాడంటే నమ్మడం కష్టం. చివరి చీటీ సంగతి కూడా అలాంటిదే. ఆ హోటల్లో తోటి ప్రయాణికురాలు హెన్నీ గుర్లాండ్‌కు అడార్నో కోసం చీటీ ఇచ్చాడు. పోలీసుల భయంతో ఆమె దాన్ని చింపేసి, తర్వాత గుర్తున్నంతలో ఫ్రెంచ్‌లో మళ్లీ రాసి పంపింది. ఆయన ఆఖరి మాటలుగా మనం చదివే అయిదారు వాక్యాలు మరొకరి చేతిరాతలో ఉన్నాయి. అసలు ప్రతి లేదు, నకలే మిగిలింది.

పద్ధతే కాపాడిందన్న ఈ వాదనకు మొదటి అభ్యంతరం వెంటనే వస్తుంది. ఇంత పద్ధతి అంటున్నారు గానీ, పారిస్ ఇంట్లో వదిలేసినవి గెస్టపో ఎత్తుకుపోయింది కదా, అవి దక్కడం అదృష్టం కాక ఏమిటి? నిజమే, ఆ భాగం ప్రయాణం ఏ నవలకూ తీసిపోదు. గెస్టపో జప్తు చేసిన ఆ కాగితాలు ప్రవాసులు పారిస్‌లో నడిపిన ఒక జర్మన్ దినపత్రిక దస్తావేజుల్లో పొరపాటున కలిసిపోయాయి. యుద్ధం చివర్లో గెస్టపో తన ఫైళ్లను తగలబెట్టినప్పుడు ఆ పొరపాటు వల్లే బయటపడ్డాయి. సోవియట్ సైన్యం వాటిని మాస్కోకు తరలించింది. 1957 ప్రాంతంలో తూర్పు జర్మనీకి తిరిగిచ్చింది. పోట్స్‌డామ్ ప్రభుత్వ ప్రాచీన పత్రాల భవనంలో పదిహేనేళ్లుండి 1972లో తూర్పు బెర్లిన్ కళా అకాడమీకి మారాయి. ఇందులో అదృష్టం పాలు లేదని ఎవరూ అనరు. అయితే ఆ పెట్టెల్లో ఏమున్నాయో చూడండి. ఆయనకు వచ్చిన ఉత్తరాలు, పనికిరావని పక్కన పెట్టిన చిత్తుప్రతులు, మరోచోట నకలున్న వ్యాసాలు. చాలావరకు లేకపోయినా గడిచేవి. గెస్టపో దోచుకున్నది ఎక్కువగా ఆయన వదులుకోవడానికి సిద్ధపడిన భాగమే. అవి దక్కడం అదృష్టం. దక్కకపోయినా ముఖ్య రచనలు దెబ్బతినకపోవడం పద్ధతి. నాజీ గుమాస్తా పొరపాటుకు ఇవ్వాల్సిన ఘనత అంతవరకే.

రెండో అభ్యంతరం ఇంకాస్త గట్టిది. నాలుగు చోట్ల ప్రతులుంటే నలుగురు యజమానులుంటారు. ఎవరి దగ్గర కాగితముంటే వాళ్లదే పెత్తనం. 1955లో అడార్నో, ఆయన భార్య గ్రెటెల్ కలిసి రెండు సంపుటాలు ప్రచురించేదాకా జర్మన్ పాఠకులు బెంజమిన్‌ను దాదాపు మరిచారు. ఆ సంపుటాలతోనే రెండో జీవితం మొదలైంది. 1966లో అడార్నో, షోలెం కలిసి ఉత్తరాల సంకలనం తెచ్చారు. ఆ వెంటనే, 1967లో, దుమారం లేచింది. బెంజమిన్‌లోని కమ్యూనిస్టును ఫ్రాంక్‌ఫర్ట్‌లోని అడార్నో బృందం వాళ్లు కావాలని మసకబార్చారని, ఉత్తరాలను ఎంపిక చేసి, కత్తిరించి వేశారని పశ్చిమ బెర్లిన్ వామపక్ష పత్రిక దాడి చేసింది. అరెంట్ కూడా తన వంతు విమర్శ చేసింది. తూర్పు జర్మనీ తన దగ్గరున్నవి చూపించి, అసలు పాఠం మా దగ్గరుంది అంది. మరో పక్క షోలెం బెంజమిన్‌ను ప్రధానంగా యూదు ఆలోచనాపరుడిగా చూపాడని, కాగితాలు చేతిలో ఉన్నవాడు తనకు నచ్చిన బెంజమిన్‌ను తయారుచేసుకున్నాడని ఆరోపణ. ఈ విమర్శలో నిజముంది. తన చేతిలోని కాగితాల మీద సంపాదకుడికి ఉండే మమకారం ఎలాంటిదో సాహిత్యంలో పనిచేసిన ఎవరికైనా తెలుసు. నకళ్లు పంచడం వల్ల మమకారాలూ పంచుకున్నట్టయింది.

కానీ ఆ పెత్తనానికి విరుగుడు కూడా అదే పద్ధతిలో ఉంది. ప్రతులన్నీ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండి ఉంటే అడార్నో కత్తిరించిందేమిటో పట్టుకోవడానికి ఎవరికీ దారి ఉండేది కాదు. బయట మరో ప్రతి ఉంది గనకే తగువు సాధ్యమైంది. యంత్రయుగంలో కళాకృతి మీద రాసిన వ్యాసాన్నే తీసుకోండి. 1936లో సంస్థ పత్రికలో ఫ్రెంచ్ అనువాదంగా, కొన్ని రాజకీయ పదాలు మార్చి అచ్చయింది. బెంజమిన్ మొదట ఇచ్చిన జర్మన్ పాఠం పోయిందనే అనుకున్నారు. హోర్క్‌హైమర్ కాగితాల్లో అది 1980లలో బయటపడింది, 1989లో అచ్చయింది. ఏ సంస్థ మార్పులు చేసిందో ఆ సంస్థ అధ్యక్షుడి బీరువాలోనే సాక్ష్యం ఉండిపోయింది. షోలెం ఉత్తరాల సంగతీ అంతే. బెంజమిన్‌కు తాను రాసినవి పారిస్‌లో పోయాయని ఆయన చాలాకాలం అనుకున్నాడు. 1966లో పోట్స్‌డామ్ వెళ్లి తన ఉత్తరాలు తానే చూసుకున్నాడు. ఫొటోకాపీలు చేతికి రావడానికి 1977 దాకా పట్టింది. 1980లో ఇద్దరి ఉత్తరాలు కలిపి పుస్తకం వచ్చింది. షోలెం ఒక్కడి జ్ఞాపకం మీద ఆధారపడిన కథను ఆ పుస్తకం చాలాచోట్ల సరిదిద్దుకునే వీలిచ్చింది. 1981లో బతాయ్ కాగితాల్లో ఇటలీ తత్వవేత్త జార్జో అగాంబెన్‌కు దొరికిన కట్టలో బెంజమిన్ బాల్య జ్ఞాపకాల ఆఖరి కూర్పు ఉంది, ఆ రంగు గుర్తుల వివరమూ ఉంది. బతాయ్ నుంచి 1947లో అడార్నోకు చేరిన ఆర్కేడ్స్ కట్టల్లో రానిది, గ్రంథాలయంలోనే మరో మూల ఉండిపోయినది ఇది. పంచడం వల్ల ఆలస్యం జరిగింది, పూర్తి సంకలనం రావడానికి దశాబ్దాలు పట్టింది. ఒకరి చేతిలోనే ఉండి ఉంటే త్వరగా వచ్చేది, ఒకరి ఇష్టప్రకారం వచ్చేది.

మూడో అభ్యంతరాన్ని మాత్రం కాదనలేను. ఇదంతా షోలెం లాంటి స్నేహితుడు, అడార్నో లాంటి అభిమాని ఉన్నవాడి కథ. 1933 తర్వాత జర్మనీ వదిలిన రచయితలు వందల సంఖ్యలో ఉన్నారు. వాళ్లలో ఎందరో నకలు పంపడానికి చిరునామా లేనివాళ్లు. బెంజమిన్‌ను చూసి ప్రవాస సాహిత్యం అంతా ఇలాగే దక్కిందనుకుంటే తప్పు. సొంత ఇంట్లోనే చూడొచ్చు. తమ్ముడు గియోర్గ్ కార్మికవాడలో వైద్యుడు, కమ్యూనిస్టు. జర్మనీ వదలనన్నాడు. జైళ్లు తిరిగి 1942లో మౌత్‌హౌసెన్ శిబిరంలో చంపబడ్డాడు. ఆయన జీవితం గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా భార్య హిల్డే దాచిన ఉత్తరాల వల్ల, 1977లో ఆమె రాసిన జీవితచరిత్ర వల్ల. అక్కడ కూడా పని చేసింది దాచిన చెయ్యే. నా వాదనకు ఈ అభ్యంతరం హద్దు గీస్తుంది, పడగొట్టదు. పద్ధతి ఒక్కటే చాలదు, అవతల అందుకునే మనిషి ఉండాలి. మనిషి ఉన్నా పద్ధతి లేకపోతే థామస్ మాన్ సూట్‌కేసు గతే. ఆ సూట్‌కేసును విడిపించే లాయరు అందరికీ ఉండడు.

అందుకే ఈ కథలో పేర్లు చెప్పవలసి వస్తే కొండదారి పేరు ముందు చెప్పడం నాకు నచ్చదు. బెంజమిన్ ఉత్తరాల్లో సగం డబ్బు గురించి, మిగతా సగం ఏ వ్యాసం ఎవరికి పంపాడో, ఎవరు తిరిగి పంపాలో, ఏది టైపు చేయించాలో అనే సంగతులే. చదవడానికి విసుగ్గా ఉంటుంది. ఆ విసుగు పని చేసినవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, పుస్తకాల ముందుమాటల్లో ఒక వాక్యానికి పరిమితమయ్యారు. సంపుటాల సంపాదకత్వంలో పాలుపంచుకున్న గ్రెటెల్ అడార్నో, లూర్ద్ నుంచి కాగితాలు కదిలించిన డోరా, ప్రాణభయంతో చింపిన చీటీని మళ్లీ రాసిన గుర్లాండ్, పత్రికల పట్టీల మీది రాతను సముద్రం దాటించిన అరెంట్. పోర్ట్‌బౌలో సముద్రం మీదికి దిగే ఇనుప మెట్లదారిగా డానీ కారవాన్ కట్టిన స్మారకం 1994 నుంచి ఉంది, చూడటానికి జనం వెళ్తున్నారు. వీళ్లకు స్మారకాలు లేవు.

ఆర్కేడ్స్ ప్రాజెక్టు అసంపూర్ణ రూపంలోనే 1982లో టీడెమన్ సంపాదకత్వంలో అచ్చయింది. ఆరు దశాబ్దాలు నకళ్లు దాచిన షోలెం ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు. 1972లో మొదలైన సమగ్ర రచనల సంపుటాలు 1989లో పూర్తయ్యాయి. ఫ్రాంక్‌ఫర్ట్, తూర్పు బెర్లిన్, పారిస్ కాగితాలు 2004లో బెర్లిన్ కళా అకాడమీలోని వాల్టర్ బెంజమిన్ పత్రాలయంలో ఒకే కప్పు కిందికి వచ్చాయి. జెరూసలేం జాతీయ గ్రంథాలయంలోని షోలెం ప్రతులు మాత్రం జెరూసలేంలోనే ఉన్నాయి.